బాయికాడ దిగుండ్రి: సటీకా తాత్పర్యము

ఆ.వె.
లేని బాయి చెంత లెక్కగా దిగుమని
కూయనట్టి సైర కూత బట్టి
ఊరు వెతుకువాని కూరడించెడు దారి
చూపువారలార! జోత మీకు!

(సైరన్ చివరి నకారం ఆటవెలదికి ఆహుతైంది. “పొమ్మని” అన్న మాట అధ్యాహారం. నాంది ఇంతే.)

అవతారిక

వ్యాఖ్యాతలకు పెద్దదిక్కు కోలాచల మల్లినాథసూరి మన మెతుకుసీమవాడే. మెదక్ దగ్గరి కొల్చారం ఆయన ఊరంటారు. మూలంలో లేనిదేదీ రాయననీ, అక్కర్లేనిదేదీ చెప్పననీ ఒట్టు పెట్టుకుని ఆయన కాళిదాసును చేపట్టాడు. ఆయనకు చెల్లింది. గోదావరిఖని చౌరస్తాలో దొరికిన మూలానికి ఆ ఒట్టు పెట్టుకుంటే టీక ఒక్క వాక్యం కూడా సాగదు. ఇందులో చెప్పినవేవీ నేల మీద లేవు. నేల మీద ఉన్నవేవీ ఇందులో లేవు. అందుచేత ఈ వ్యాఖ్యాత అక్కర్లేనివన్నీ చెప్పదలిచాడు.

వక్త: భూగర్భ గనిలో సపోర్టుమన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి. పేరడిగితే “పేరుతోని ఏం పని సారూ” అన్నాడు గనుక కృతికర్త అజ్ఞాతుడనే రాసుకోవాలి. స్థలం: మిర్చి బజ్జీల బండి పక్కన. కాలం: ఫస్ట్ షిఫ్టు విడిచి, సెకండ్ షిఫ్టు ఎక్కే సంధివేళ. శ్రోత: తెనాలి నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. విజయవాడ, వరంగల్, కాజీపేట మీదుగా వచ్చి రామగుండం స్టేషన్‌లో దిగాడు. దారిలో ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు, భాషా మారలేదు. మారలేదని అతను అనుకుంటున్నాడు. ఫైవింక్లైన్ దగ్గర అద్దె ఇల్లుందని విని, దారి అడగడమే ఈ గ్రంథానికి హేతువు.

స్థలపురాణం రెండు ముక్కలు. 1871లో విలియం కింగ్ అనే దొర ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. అక్కడి సింగరేణి అనే పల్లె పేరు 1920లో కంపెనీకి అంటుకుంది. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. 1960ల మొదట్లో గోదావరి ఒడ్డున బాయిలు పడితే, ఆ ఖని ఊరికి పేరైంది. ఆ వెనకే 1971లో బి థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిగింది. 1978లో ఎన్టీపీసీకి శంకుస్థాపన జరిగింది. ఎరువుల ఫ్యాక్టరీ వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. 2009లో రామగుండం కార్పొరేషనైంది. 2016లో జిల్లా కరీంనగర్ నుంచి పెద్దపల్లికి మారింది. కదలకుండా ఒకే క్వార్టర్లో కూర్చున్నవాడి చిరునామా కూడా ఇక్కడ ప్రయాణం చేస్తూనే ఉంటుంది.

మూలము

“ఫైవింక్లైనా సారూ? గిట్ల సక్కగ పోయి బాయికాడ దిగుండ్రి. బాయి ఇప్పుడు లేదనుకోండ్రి. ఆడికెల్లి గుట్ట కనవడ్తది. గది గుట్ట గాదు. దాని ఎడమకు క్యాంటీనుండె. గక్కడ ఎవలనడిగినా చెప్తరు, అందరు మనోళ్లే.”

పాఠాంతరం: ఆటోవాళ్ల ప్రతిలో “ఎక్కుండ్రి సార్, తోల్క పోత” అని మాత్రమే ఉంది. అది సంక్షేప పాఠం. పండితులు అంగీకరించరు. ప్రయాణికులు అంగీకరిస్తారు.

టీక

“ఫైవింక్లైనా”: ఐదో నంబరు ఏటవాలు గని అని పదార్థం. జీడీకే అనే మూడక్షరాల వెనక ఇక్కడి బాయిలకు నంబర్లు తగిలించారు. నంబరంటే వరస ఉంటుందని తెనాలివాడి నమ్మకం. నాలుగు దాటితే ఐదొస్తుందని నడక మొదలుపెడితే కాళ్లరుగుతాయి. రెండుకు రెండు-ఏ ఉంది, ఏడుకు ఎల్ఈపీ అని తోకుంది, ఎనిమిదికి ఎనిమిది-ఏ, పదికి పది-ఏ ఉన్నాయి. ఇవి తవ్విన వరసే గాని నడిచే వరస కాదు. బాయి పేరు కాలనీకి, కాలనీ పేరు బస్టాపుకు, బస్టాపు పేరు అక్కడి టిఫిన్ బండికి సంక్రమిస్తాయి. ఎయిటింక్లైన్ కాలనీలో పుట్టిన అమ్మాయి హైదరాబాద్ హాస్టల్ ఫారంలో చిరునామా రాస్తే, వార్డెన్ దాన్ని ఇంటి నంబరనుకుని ఊరి పేరు అడుగుతుంది.

చివరి ఆకారం ప్రశ్నార్థకమని వైయాకరణులు. సందేహార్థకం కాదు, పరీక్షార్థకమని మా మతం. ఫైవింక్లైన్‌లో నీకేం పనీ, ఎవరింటికీ, ఏ షిఫ్టు అన్న మూడు ప్రశ్నలు ఆ దీర్ఘంలో మడతపెట్టి ఉన్నాయి.

“సారూ”: సంబోధనం. నెత్తిన టోపీ, కాళ్లకు బూట్లు ఉంటే “అన్నా”. చేతిలో బ్యాగు, ఇస్త్రీ చొక్కా ఉంటే “సారూ”. నోట హిందీ ఉంటే “భాయ్”. శ్రోతకు ఇది మర్యాదగా తోచింది. నిజానికి ఇది సరిహద్దు రాయి. ఎదుటివాడి నోట “సారూ” పోయి “అన్నా” ఎప్పుడు పడుతుందన్నదే ఇక్కడి పౌరసత్వ పరీక్ష. దానికి దరఖాస్తు ఫారం లేదు.

“గిట్ల”: ఆంగికాభినయం లేకుండా ఈ పదానికి అర్థం లేదు. చేయి చూపించాడు. ఆ చేతిలో బజ్జీ ఉంది. బజ్జీ కొస చూపిన దిక్కే దిక్కు.

“సక్కగ”: నేరుగా అని నిఘంటువు. ఓపెన్‌కాస్టు పెరిగిన కొద్దీ రోడ్లను మళ్లిస్తారు గనుక, నిన్నటి నేరుగా ఇవాళ్టి చుట్టుదారి. శ్రోత చేతిలోని ఫోను కూడా సక్కగనే అంది. దాని మాట విని పోతే, తారు రోడ్డు మర్యాదగా కొంతదూరం వచ్చి, అడ్డంగా పోసిన మట్టికట్ట ముందు ఆగిపోయింది. కట్ట మీద ప్రవేశం నిషిద్ధమని బోర్డు ఉంది. ఫోను మాత్రం ఇంకా ముందుకే పొమ్మంటోంది. ఆకాశం నుంచి చూసి చెప్పేదానికి లోతు తెలియదు.

“బాయికాడ”: కోస్తావాడు దీన్ని గని దగ్గరని కాక నూతి దగ్గరని అర్థం చేసుకుని చేదా బొక్కెనా కోసం వెతుకుతాడు. ఆ సంగతి వదిలేద్దాం. అసలు చిక్కు శాస్త్రీయమైంది. వాక్యం వాక్యమనిపించుకోవాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ కావాలి. నిప్పుతో తడుపు అంటే యోగ్యత లేదు గనుక అది వాక్యం కాదని తార్కికులు కొట్టేశారు. మరి లేని బాయికాడ దిగమంటే? పూర్వపక్షి చంకలు గుద్దుకుంటాడు. సిద్ధాంతి లక్షణను ఆశ్రయిస్తాడు. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున అని కదా సర్దుకున్నాం. ముఖ్యార్థం పొసగనప్పుడు దానికి సంబంధించిన అర్థాన్ని పట్టుకోవాలి. గంగకు ఒడ్డు పక్కనే ఉంది. ఈ బాయికి ఒడ్డు కాలంలో ఉంది. “బాయి ఉన్ననాడు బాయి ఉన్నచోట” అని లక్ష్యార్థం. ఇంత సాహిత్యశాస్త్రం తెలిస్తే గాని ఈ ఊళ్లో ఆటో దిగడం కుదరదు.

“దిగుండ్రి”: ఆటో దిగమని శ్రోత గ్రహించాడు. వక్త నోటికి ఈ క్రియతో ఉన్న పరిచయం వేరు. మస్టర్ పడేసుకుని, ల్యాంపు రూములో బ్యాటరీ నడుముకు కట్టి, దీపం టోపీకి తగిలించి, అగ్గిపెట్టే బీడీకట్టా పైనే వదిలేసి దిగడం అది. దిగినవాడికి లోపల ఉత్తర దక్షిణాలు లేవు. బొగ్గు పొర వాలిన వైపు డిప్పు, లేచిన వైపు రైజు, అడ్డంగా సాగేది లెవెలు. బొగ్గు తీశాక మిగిలిన శూన్యం గోఫ్. అందులోకి అడుగు పెట్టకూడదు. ఈ పెద్దమనిషిని పైన నిలబెట్టి పడమర ఎటని అడిగితే ఒక్కక్షణం పొద్దు వైపు చూస్తాడు. నాలుగో డిప్పు ఎటో కళ్లు మూసుకుని చెప్తాడు. అతను మనకు దారి చెప్పింది పైఊరి పటం చూసి కాదు, కిందిఊరి పటం చూసి. పైన వీధులు ఎన్నిసార్లు మారినా కింద గదుల లెక్క మారలేదు. మారలేదనే అతని ధీమా.

ఈ ధాతువుకు వాడుక తగ్గిపోవడం మాత్రం వాస్తవం. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన కోల్ ఫిల్లర్ల చోటికి ఎస్డీఎల్ యంత్రాలు వచ్చాయి. అడ్రియాలలో 2014 నుంచి లాంగ్‌వాల్ యంత్రం గోడ పొడవునా బొగ్గు చెక్కుతోంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కల ఆడుతోంది. ఓపెన్‌కాస్టులోనైతే దిగడమే లేదు, డంపరు ఎక్కడమే. ఒక తరం “బాయి దిగిన” అని చెప్పుకుంది. తర్వాతి తరం “బండెక్కిన” అంటోంది. ఆ తర్వాతిది హైదరాబాద్ బస్సెక్కింది.

ఇదే సందర్భంలో పరదేశికి మరో రెండు పదాలు తెలియాలి. నాగా అంటే డ్యూటీకి పోకపోవడం. ప్లేడే అంటే ఆదివారం వచ్చే సెలవు. “నిన్న ప్లేడే జేసిన సారూ, ఒళ్లు నొప్పులు” అని కౌంటర్ ముందు నిలబడ్డ ఖాతాదారు అంటే, ఏం ఆట ఆడారని మనవాడు అభిమానంగా అడిగాడు. సెలవు నాడు రెట్టింపు మస్టర్ కోసం చేసే చాకిరీకి ఆట అని పేరు పెట్టినవాడెవడో గాని అలంకారశాస్త్రం బాగా చదివినవాడు.

“బాయి ఇప్పుడు లేదనుకోండ్రి”: గ్రంథానికి ప్రాణం ఈ వాక్యం. లేదు అనలేదు, లేదనుకోండ్రి అన్నాడు. తనకు ఉంది. మీ సౌకర్యం కోసం లేదనుకుందామని రాజీకి వచ్చాడు.

లేకపోవడం మీద మన వాళ్లు ఊరికే కూర్చోలేదు. అన్నంభట్టు తెలుగువాడు. తర్కసంగ్రహంలో ఏడు పదార్థాలు చెప్పి, అభావాన్ని ఏడోదిగా కూర్చోబెట్టాడు. అది నాలుగు రకాలు. నాలుగుకూ ఉదాహరణలు ఒకే మధ్యాహ్నంలో చూడాలంటే భూమండలం మీద రామగుండం ప్రాంతానికి మించిన పాఠశాల లేదు.

ఇంకా పుట్టని వస్తువు లేకపోవడం ప్రాగభావం. దానికి మొదలుండదు, చివర ఉంటుంది. భూసేకరణ నోటీసు అంటించిన ఊరికి పోండి. గని ఇంకా రాలేదు. ఆ రానితనంలోనే జనం కాపురం చేస్తున్నారు. ఇంటికి సున్నం వేయించాలా వద్దా, కొడుక్కి ఈ ఏడు పెళ్లి చేయాలా పరిహారం వచ్చాక చేయాలా, బోరు ఎండితే కొత్తది వేయాలా. అక్కడ సున్నం డబ్బా కొనడం కూడా తత్త్వవిచారమే.

ఉన్నది నాశనమయ్యాక మిగిలేది ప్రధ్వంసాభావం. దానికి మొదలుంటుంది, చివరుండదు. ఫైవింక్లైన్ భూగర్భ గని పోయి, అదే నంబరుతో ఓపెన్‌కాస్టు వచ్చింది. భూగర్భంలో కప్పు కూలకుండా నిలిపిన బొగ్గు స్తంభాలను పైనుంచి మట్టి ఎత్తి తీసుకుంటారు. అప్పుడు పాత దారులు గోడలో చీకటి నోళ్లలా బయటపడతాయి. మా వక్త క్యాప్ ల్యాంపు వెలుతురులో, వంగి, చేత్తో కప్పును తడుముతూ నడిచిన చోట ఇప్పుడు వైశాఖపు ఎండ పడుతోంది. తను దిమ్మెలు నిలబెట్టిన కప్పు ఆకాశంలో కలిసిపోయింది. బాయి లేదనుకోండ్రి అనడానికి ఆ మాత్రం హక్కు అతనికుంది.

ఎన్నడూ లేనిది, ఉండబోనిది అత్యంతాభావం. దీనికి ఉదాహరణ: ఫైవింక్లైన్ దగ్గర దుమ్ము పట్టని కిటికీ.

ఇక ఎరువుల ఫ్యాక్టరీ అన్నంభట్టును ఇరుకున పెట్టింది. 1999లో అది మూతపడింది. ప్రధ్వంసాభావానికి అంతం లేదని శాస్త్రం. కానీ అదే ఆవరణలో ఫ్యాక్టరీ మళ్లీ లేచి, 2022 నవంబర్‌లో జాతికి అంకితమైంది. శాస్త్రం తప్పిందా? తప్పలేదని నైయాయికుల సమాధానం. పాతది బొగ్గుతో ఎరువు చేసేది, కొత్తది గ్యాసుతో చేస్తోంది. అది వేరు, ఇది వేరు. బొగ్గు ఊళ్లో బొగ్గు అక్కర్లేని ఫ్యాక్టరీ. పాత ఫ్యాక్టరీలో పనిచేసి ఇంటికి పోయినవాళ్లు కూడా సరిగ్గా ఈ వాదనే చేస్తారు, తర్కం చదవకుండానే.

నాలుగోది అన్యోన్యాభావం. కుండ వస్త్రం కాకపోవడం. దానికి ఉదాహరణను మూలమే ఇస్తోంది.

“గుట్ట కనవడ్తది. గది గుట్ట గాదు”: అపహ్నుతి అలంకారం. ఉన్నదాన్ని కాదని మరోదాన్ని స్థాపించడం దీని లక్షణం. కవులు ఇది ముఖం కాదు, చంద్రుడని బొంకుతారు. మా వక్త బొంకడం లేదు. పొద్దున బస్సు కిటికీలోంచి శ్రోత చూసి ముచ్చటపడ్డ పచ్చని కొండ నిజంగానే కొండ కాదు. బొగ్గు మీద నుంచి ఎత్తిన మట్టి, రాయి. దాన్ని ఓబీ అంటారు. బొగ్గు రైలెక్కి పోతుంది, దాని మీది నేల ఇక్కడే గుట్టై నిలుస్తుంది. చెట్లు నాటితే వానలకు పచ్చబడి, కొన్నేళ్లలో తరతరాల పర్వతంలా ముఖం పెడుతుంది. రాత్రివేళ దాని నెత్తిన డంపర్ల దీపాలు వరసగా కదిలితే ఘాట్ రోడ్డనుకోవడం భ్రాంతిమదలంకారం. అసలు గుట్టలు లేవా అంటే ఉన్నాయి. రామగిరి ఖిల్లా ఉంది, రామునిగుండాల గుట్ట ఉంది. అవి పురాణాలున్న గుట్టలు. వీటికి టెండర్లు మాత్రమే ఉన్నాయి.

గుట్ట దగ్గర మోసపోయిన పరదేశి చెరువు దగ్గరా జాగ్రత్తపడాలి. చెరువంటే బూడిద చెరువు కావచ్చు. నీళ్లున్న చెరువే కావాలని ఎన్టీపీసీ రిజర్వాయరుకు పోతే దాని మీద 2022 నుంచి వంద మెగావాట్ల సౌర పలకలు తేలుతున్నాయి. సూర్యుణ్ణి నీళ్లలో చూద్దామని పోయినవాడికి సూర్యుణ్ణి కరెంటుగా మార్చే పలక కనిపిస్తుంది. ఇదొక్కటీ వ్యాఖ్యాతకు నచ్చింది.

గుట్ట మాటెత్తాక బ్లాస్టింగ్ చెప్పకపోతే టీక అసమగ్రం. అద్దె ఇంట్లో దిగిన తొలి రోజుల్లో మధ్యాహ్నం నేల ఒక్కసారి ఉలిక్కిపడింది, అలమరలో గిన్నెలు మోగాయి. భూకంపమని మనవాడు లుంగీతో వీధిలోకి ఉరికాడు. వీధిలో ఇంకెవరూ లేరు. ఎదురింటి అరుగు మీద చిక్కుడుకాయ ఈనె తీస్తున్న అమ్మ తలెత్తి చూసింది.

“బ్లాస్టింగ్ బిడ్డా. లోపటికి పో, ఏంగాదు.”

ఏంకాదన్నావిడ ఇంటి గోడకు పగులుంది. ఆ పగులుకు సిమెంటు పూసిన చారిక ఉంది. చారిక మీద కొత్త పగులుంది. పరదేశి కొన్నాళ్లకు ఆ చప్పుడుతో గడియారం సరిచూసుకోవడం నేర్చుకుంటాడు. చప్పుడు రాని నాడు ఏమైందోనని కలవరపడటం ఆ తర్వాతి మెట్టు.

“దాని ఎడమకు క్యాంటీనుండె”: దారి చెప్పేటప్పుడు లోకం వర్తమానకాలం వాడుతుంది. గుడి ఉంది, బడి ఉంది, అక్కడ తిరుగు అంటుంది. గోదావరిఖని భూతకాలంలో దారి చెబుతుంది. శాఖాచంద్రన్యాయమని ఒకటుంది. చంద్రుణ్ణి చూపాలంటే ముందు చెట్టుకొమ్మ చూపి, దాని కొసన చూడమంటారు. ఇక్కడి పద్ధతిలో కొమ్మ కొట్టేసి చాలా రోజులైంది, చెట్టూ లేదు, అయినా చంద్రుణ్ణి ఆ కొమ్మ కొసనే చూపిస్తారు. చూసేవాళ్లకు కనిపిస్తోంది కూడా.

వేగంగా మారే ఊళ్లు లోకంలో ఇంకా ఉన్నాయి. చైనాలో షెన్‌జెన్‌ను 1980లో ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించాక, ఒకప్పుడు జాలర్లూ రైతులూ బతికిన చోట ఒక తరం గడిచేలోగా మేడల అడవి మొలిచింది. వైద్యం చదవడానికి చైనా వెళ్లిన మన పిల్లలు ఇలాంటి ఫిర్యాదే చేస్తారు: సెలవులకు ఇంటికొచ్చి తిరిగి పోయేలోపు వీధి కొత్తదైపోతుందని. అక్కడ పరదేశిని తికమక పెట్టేది కొత్తగా వచ్చినవి. ఇక్కడ తికమక పెట్టేది లేకుండా పోయినవి. అక్కడ పరదేశి కొత్త పటం కొనుక్కుంటే గండం గడుస్తుంది. ఇక్కడ అతనికి కావలసింది పాత పటం, అది మనుషుల దగ్గర తప్ప దొరకదు, మనుషులేమో బజ్జీ తింటే తప్ప మాట్లాడరు.

క్యాంటీన్ సంగతి కొంచెం. గని క్యాంటీన్‌లో చౌక ధరకు టీ, టిఫిన్ దొరికేవి. షిఫ్టు దిగి మొహం కడగక ముందే తాగే ఆ టీ గురించి రిటైరైనవాళ్లను కదిలిస్తే బ్యాంకు మూసే వేళ దాటుతుంది. విస్తర భీతిచేత విడిచిపెడుతున్నాం.

“గక్కడ ఎవలనడిగినా చెప్తరు”: పూర్వపక్షం: క్యాంటీనే లేనప్పుడు అక్కడ ఎవరుంటారు? సిద్ధాంతం: ఉంటారు. శ్రోత స్వయంగా పోయి చూశాడు. చింతచెట్టు కింద నలుగురు పెద్దమనుషులు, తెల్లచొక్కాలు, ఒక పేపరు. షిఫ్టు వేళకు ఇంట్లో కాలు నిలవక వచ్చారు. ఇల్లెక్కడని అడిగితే నలుగురూ నాలుగు దారులు చెప్పారు. నాలుగూ పోయిన బాయిల గుర్తుల మీదే. వాటిలో ఏది సరైందన్న చర్చ అతను వెళ్లిపోయాక కూడా సాగింది.

“అందరు మనోళ్లే”: ఇక్కడ వ్యాఖ్యాతలు చీలిపోయారు.

ప్రాచీనుల మతం: మనోళ్లంటే ఊరివాళ్లు. ఇది నిలవదు. ఊరే వచ్చినవాళ్లతో కట్టింది. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి మూట నెత్తిన పెట్టుకుని వచ్చినవాళ్లు, కోస్తా నుంచి వచ్చిన ఓవర్‌మెన్లు, ఎన్టీపీసీ వాళ్ల జ్యోతినగర్ టౌన్‌షిప్‌లో హిందీ, బెంగాలీ, ఒడియా ఇళ్లు. మా వక్త కూడా మీసం రాని వయసులో ఒక పల్లె నుంచి వచ్చి, డిప్పంటే ఏమిటో తెలియక సర్దార్‌తో తిట్లు తిన్నవాడే. పరదేశిగా వచ్చి స్వదేశిగా రిటైరయ్యాడు.

మధ్యముల మతం: మనోళ్లంటే మన యూనియనోళ్లు. ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, హెచ్ఎంఎస్, టీబీజీకేఎస్ జెండాలు చౌరస్తాలో ఎవరి గద్దె మీద వారివి. 2023 డిసెంబర్ 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. ఈ అర్థం ఎన్నికల నెలలో బలంగా, మిగతా నెలల్లో పలచగా ఉంటుంది.

నవీనుల మతం, అంటే బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్న మన శ్రోత మతం, వేరు. ఊళ్లో తనను పరదేశి అనుకుని వచ్చినవాడు పాస్‌బుక్కులు తిప్పుతూ తిప్పుతూ అసలు సరిహద్దు ఎక్కడుందో కనిపెట్టాడు. అది తెనాలికీ ఖనికీ మధ్య లేదు. పర్మినెంటుకూ కాంట్రాక్టుకూ మధ్య ఉంది. 2024 దసరా ముందు లాభాల్లో 33 శాతం వాటా ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు పడింది. బంగారం కొట్ల ముందు బండ్లు పెట్టుకునే చోటు లేదు. కాంట్రాక్టు కార్మికుడికి ఐదు వేలు ఇచ్చారు. అదే మొదటిసారని సంతోషించారు కూడా. ఇద్దరి చొక్కాల మీదా ఒకే దుమ్ము. ఇద్దరూ ఒకే గేటు లోపలికి పోతారు. ఇద్దరిలో రెండోవాడు తరచుగా ఇక్కడే పుట్టినవాడు, మొదటివాడి తమ్ముడి కొడుకు. ఓబీ కంపెనీలో డంపరు తోలడానికి బీహార్, జార్ఖండ్‌ల నుంచి వచ్చిన కుర్రాళ్లూ, పెద్దపల్లి ఇటుకబట్టీల్లో ఒడిశా కుటుంబాలూ ఈ వరసలో ఇంకా వెనక నిలబడ్డారు. వాళ్లెవరూ చౌరస్తాలో దారి అడగరు. వ్యాను తీసుకొచ్చి దింపుతుంది, వ్యానే ఎక్కించుకుపోతుంది. దారి అడిగే తీరికే ఒక హోదా అని తెనాలివాడికి తట్టిన రోజు, అతని కౌంటర్లో క్యూ కాస్త నెమ్మదిగా కదిలింది.

“అందరు” అన్న మాటను వక్త ఏ అర్థంలో వాడాడో మాకు నిర్ణయించే అధికారం లేదు. మూలంలో అందరు అనే ఉంది.

తాత్పర్యము

ఆటో ఎక్కండి.

అధికపాఠము

కొన్ని ప్రతుల్లో మూలం ఇక్కడితో ముగియదు. శ్రోత థాంక్స్ చెప్పి రెండడుగులు వేశాక వక్త వెనక నుంచి కేకేశాడని చింతచెట్టు సంప్రదాయం. ప్రక్షిప్తమని కొందరన్నా, శైలి అతనిదే గనుక చేర్చాం.

“ఇంతకు మీదేడ సారూ?”

“తెనాలండి.”

“తెనాలా! గట్ల జెప్పరేంది? మా నైట్ షిఫ్టు ఓవర్‌మెన్ది గూడ తెనాలే ఉండె. ఆగుండ్రి అన్నా, నేనే వస్త.”

శేషం స్పష్టం.